జోగమ్మ క్రాస్ కటింగ్

ఖరిదాలో సింహాచలం మాస్టరు టైలరు కొట్లో జోగమ్మ పదకొండేళ్లు హుక్కులు కుట్టింది, అంచులు మడిచింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన భర్త పోయాక అక్కడ చేరింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేను ఆమె పక్కనే కూర్చునేదాన్ని. ఆ కొట్లో ఆడవాళ్లు కత్తెర పట్టకూడదు. జోగమ్మ ఇంట్లో పాత దుప్పట్ల మీద కటింగ్ నేర్చుకుంది.

ఫిబ్రవరిలో మా వీధి ఏంజెలా అక్క తన చెల్లెలి పెళ్లికని శాటిన్ గౌను కుట్టించుకుంది. మాస్టరు గుడ్డని నిలువు పోగు వెంటే కత్తిరించారు. తొడుక్కుని ఆమె కూర్చోగానే తుంటి దగ్గర కుట్టు పిగిలింది.

"మీరే కాస్త తగ్గాలమ్మా," అన్నారాయన. ఆమె మొహం కందిపోయింది.

జోగమ్మ సూది పక్కన పెట్టింది. "ఆవిడెందుకు తగ్గాల? గుడ్డనే ఐమూలగా తిప్పి క్రాస్ కటింగ్ చేత్తే ఒంటితోపాటు సాగుద్ది. మళ్లీ గుడ్డ తెండమ్మా, నేను చేత్తాను."

"పాడు చేసినావో, ఈ కొట్టు మెట్టెక్కకు," అన్నారు మాస్టరు.

"ఎక్కను."

కొత్త శాటిన్ వచ్చింది. జోగమ్మ మూల మడిచి, ఆ మడత వెంట సుద్దతో గీసి కత్తిరించింది. కుట్టాక గౌనుని అంచు మడవకుండా కొక్కేనికి తగిలించింది. మధ్యాహ్నానికి అంచు ఒకచోట బెత్తెడు, ఒకచోట రెండు వేళ్లు దిగింది.

"తోరణం కట్టినావేటి జోగీ?" అన్నారు మాస్టరు. అందరూ నవ్వారు.

"రేపటిదాకా యేలాడనీయండి. ఇప్పుడే మడిచేత్తే పెళ్లిలో దిగుద్ది."

మర్నాడు ఏంజెలా అక్క గౌను తొడుక్కుంది. జోగమ్మ నేల మీద కూర్చుని, స్కేలు నిలబెట్టి, చుట్టూ ఒకే ఎత్తులో గుర్తులు పెట్టి అంచు సరిచేసింది. ఏంజెలా అక్క నడిచింది, కూర్చుంది, వంగింది. కుట్టు కదలలేదు.

"ఎవరు కటింగ్ చేసినారు మాస్టర్?" అని అడిగింది వెంట వచ్చిన ఆమె చెల్లెలు.

"ఈ కొట్లో ఇంకెవులు చేత్తారమ్మా? నేనే."

"కాదు," అంది జోగమ్మ తల ఎత్తకుండా. "నేను చేసినాను."

మిషన్లు ఆగాయి.

"కత్తెర అక్కడెట్టి హుక్కులు సూసుకో," అన్నారు మాస్టరు.

"హుక్కులు మీరు కుట్టుకోండి మాస్టారూ. కటింగ్ ఇత్తే ఉంతాను. నేదంటే ఇంటికాడ చేసుకుంతాను."

ఆయన మిషను వైపు తిరిగారు. ఆమె కత్తెర బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. నేనూ దిగాను.

ఇప్పుడు ఆమె వరండాలోనే మా పని. నిన్న మాస్టరు మనిషిని పంపారు. క్రాస్ గౌను ఆర్డరు ఒకటి వచ్చిందట.

"గుడ్డ పంపమను," అంది జోగమ్మ. "కటింగ్ ఎవులు చేత్తారో గౌను తొడుక్కునే మనిషికి ముందే చెప్పి పంపమను."