వదిలేసిన మరక

మైనం మావయ్య కారుకు మైనం పూస్తున్నాడంటే ఇక ఇల్లు అంటుకున్నా లేచి రాడు. వీధిలో పిల్లలు ఆ పేరు ఊరికే పెట్టలేదు. కోపమొస్తే అత్తయ్య కూడా కట్టుకున్న మొగుణ్ణి అదే పేరుతో పిలిచేది.

ఆదివారం పొద్దున్నే కారును కడిగి, తడి లేకుండా తుడిచి, మేడ నీడలోకి తోసేవాడు. ఎండలో పూస్తే మైనం అంటుకుపోయి ఊడదని ఆయన దిగులు. స్పాంజి మీద శనగగింజంత మైనం తీసుకుని, ఒక్కోసారి జానెడు మేర, పలచగా, గుండ్రంగా రుద్దేవాడు. తెల్లటి పొర ఆరేదాకా నడుం మీద చేతులు పెట్టుకుని కాపలా కాసి, ఆ తర్వాత మెత్తని గుడ్డతో తుడిచేవాడు. మెత్తని గుడ్డ అంటే అత్తయ్య కొత్త తువ్వాలు.

"ఇది కూడానా! నిన్ననేగా కొన్నాను!"

"కొత్తదైతే గీతలు పడవే."

"మరి నా మొహం దేంతో తుడుచుకోను?"

"పాతది ఉందిగా. నీ మొహానికి గీతలేం పడతాయి?"

ఇంత చాదస్తపు మనిషీ చివర్లో ఎక్కడో ఒకచోట అరచేయంత తెల్లమరక వదిలేసేవాడు. పైమేడ కిటికీలో కూర్చునే డ్రైవరు గారికి అది ఇట్టే కనబడేది. బస్సు నడిపి రిటైరైన మనిషి, ఈమధ్యే పక్షవాతం వచ్చి మాట తడబడుతోంది.

"ఎ... ఎడమ తలుపు! క... కళ్ళు లేవా!"

"అయ్యో, చూడలేదన్నగారూ!" అని మావయ్య నుదురు కొట్టుకునేవాడు.

వీధి వీధంతా వినేసరికి అత్తయ్యకు తల కొట్టేసినట్టుండి, అక్కడే మావయ్యను తిట్టిపోసేది. పైగా ఈయనకి చూపు మందగిస్తోందేమోనని లోపల బెంగ. కళ్ళ డాక్టరు దగ్గరికి పదమంటే వినడు. ఇలా లాభం లేదని ఒక ఆదివారం, మావయ్య బకెట్టు పారబోయడానికి వెళ్ళగానే, ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క కొత్త తువ్వాలు తెచ్చి మరకను శుభ్రంగా తుడిచేసింది.

తిరిగొచ్చిన మావయ్య గుండె జారిపోయింది.

"ఎంత పని చేశావే!"

"మంచి పనే చేశాను. ఇవాళ ఆయన ఏమంటారో చూస్తాను."

డ్రైవరు గారు కారును ఈ కొస నుంచి ఆ కొస దాకా కళ్ళతో గాలించారు. ఏమీ దొరకలేదు. మెల్లగా మొహం లోపలికి తిప్పుకుని కిటికీ మూసేసుకున్నారు.

కాసేపటికి ఆయన భార్య మెట్లు దిగి వచ్చింది. "ఇవాళ మరక పెట్టలేదా తమ్ముడూ?" అంది గొంతు తగ్గించి. "మాట్లాడుతుంటేనే మాట తిరిగొస్తుందని డాక్టరు మొత్తుకుంటున్నాడు. ఈయనకేమో సిగ్గు, వారమంతా నోరు విప్పరు. నీ తప్పు దొరికితేనే మాట. ఆ ఊపులో సాయంత్రం దాకా నాతో కబుర్లు చెబుతారు."

అత్తయ్య మొగుడి వంక చూసింది. ఆయన దొంగలా స్పాంజి పిండుకుంటున్నాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పచ్చుగా?"

"చెబితే నన్ను తిట్టడం మానేస్తావు. నువ్వు నిజంగా తిడితేనేగా ఆయన నమ్మేది!"

అత్తయ్య కారు దగ్గరికి నడిచింది. మైనం డబ్బాలో చెయ్యి పెట్టి, శనగగింజంత కాదు, నిమ్మకాయంత తీసి, కారు ముందు అద్దానికి అడ్డంగా పులిమేసింది. మావయ్య ప్రాణం విలవిల్లాడింది.

పైన కిటికీ తలుపు దడాలున తెరుచుకుంది.

"అ... అద్దానికా! అద్దానికి మైనమేంటమ్మా! దారెలా కనబడుతుంది! ఆయన ఒక్కడు చాలడనా, నువ్వు కూడానా!"

జబ్బు చేశాక ఆయన నోట అంత పొడుగు మాట రావడం అదే మొదటిసారి. మెట్ల దగ్గర ఆయన భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, చూడలేదన్నగారూ!" అని అత్తయ్య గట్టిగా నుదురు కొట్టుకుని, చేతిలో ఉన్న కొత్త తువ్వాలు మావయ్య భుజం మీద వేసింది.