ఎల్లమ్మ జడ, కంపెనీ కాగితం

మా మందుల కంపెనీని విదేశీ దొరలు కొన్నది 2001లో. దేశాన్ని ఏలిన తెల్లవాళ్లు పోయి యాభై ఏళ్లు దాటినా, వాళ్ల ముందు వంగడానికి నడుములు మా కంపెనీ ఉన్న గుమ్మడిదల పక్కన ఇంకా సిద్ధంగా ఉన్నాయని నాకు ఆ ఏడాదే తెలిసింది. కొత్త యజమానులు ఒక్కసారి వచ్చి అరపూట ఉన్నారు. వాళ్లు నోరు తెరవకముందే మా మేనేజరు రామలింగేశ్వరరావుగారు "ఎస్ సర్" అనేశారు. తన గదిలోని సత్యనారాయణస్వామి పటాన్ని ముందురోజే బీరువా వెనక్కి తోసిన భక్తుడాయన.

తర్వాత దొరల పేరు చెప్పి ఒక రూలు వచ్చింది. గేటు లోపలికి వచ్చేవాళ్ల ఒంటిమీద దారం, తాయెత్తు, బొట్టు, పసుపు ఏదీ ఉండకూడదు. మందులు తయారయ్యే గదుల్లోనంటే న్యాయమే. చెట్లకు నీళ్లు పోసేవాడి తాయెత్తుతో ఏ మందు పాడవుతుంది? ఆ మాట ఎవరూ అడగలేదు. ఆఫీసులో టైపు చేసుకునే నేను కూడా అడగలేదు.

ఎదురు చెప్పింది ప్యాకింగ్‌లో అట్టపెట్టెలు మడిచే మొగులమ్మ ఒక్కతే. ఆమె తలకు ఎడమవైపు తాడులా పేనుకున్న జడ ఒకటి ఉండేది. పన్నెండో ఏట అమ్మవారు పోసి తగ్గాక దానంతట అదే కట్టిందట. మా వైపు అలా కట్టిన జడను కోయరు. ఉన్నది ఆమె తలమీదే అయినా అది ఆమెది కాదు, ఎల్లమ్మది. మంగళవారం మంగళవారం దానికి పసుపు రాసేది. రావుగారు దాన్ని కూడా రూలు కిందే లెక్కకట్టి, కోసుకుని రమ్మన్నారు.

"సారూ, మందుల కాడ వెంట్రుక పడొద్దంటే నేనొప్పుకుంటున్న. నన్ను బయటెయ్యుండ్రి. గేటు కాడ ఊడుస్త, బాత్రూములు కడుగుత," అన్నది.

"రూలు మొత్తం కాంపౌండుకమ్మా. దొరలు ఊరుకోరు," అన్నారు రావుగారు.

"దొరలను అడిగినవా?"

అడగలేదు. అడిగే ధైర్యమే ఉంటే ఆయన ఆ కుర్చీలో ఎందుకుంటారు?

పోనీ తీసేద్దామంటే ఆమెది పదమూడేళ్ల పర్మినెంటు ఉద్యోగం. కారణం రాయాలి, ఆ కాగితం విదేశాలకు పోవాలి. అందులో దేవత పేరుంటే దొరలు ఏమనుకుంటారో! అందుకని ఆమె తనంతట తానే కోసుకోవాలి. దానికి రావుగారు గొప్ప ఉపాయం కనిపెట్టారు. క్యాంటీన్‌లో గిన్నెలు తోమే బక్కమ్మ శివసత్తి, ఆమె మీదికి దేవుడొస్తాడు. ఆ దేవుడితోనే కోయమని చెప్పిస్తే సరి. బక్కమ్మకు పర్మినెంటు చేస్తామని ఆశ పెట్టారు. కోస్తా నుంచి వచ్చిన రావుగారి లెక్కలో ఇక్కడి దేవుళ్లంతా ఒకే ఆఫీసు వాళ్లు.

మధ్యాహ్నం అన్నాల వేళ బక్కమ్మ జుట్టు విరబోసుకుని, ముఖం నిండా పసుపు పూసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఆ పూట పసుపుకు రావుగారే మినహాయింపు ఇచ్చారు.

"బిడ్డా, ఆ జడ కోసెయ్! కొమురెల్లి గుట్ట కాడ నేను తీసుకుంట!" అని అరిచింది బక్కమ్మ.

అందరూ చేతులు జోడించారు. రావుగారు కూడా జోడించారు, గడియారం చూసుకుంటూ. మొగులమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి బక్కమ్మ కాళ్లమీద సాక పోసింది. దేవుడొస్తే మొదట అడగాల్సిన మాటే అడిగింది.

"ఎవరివి స్వామీ నువ్వు?"

"మల్లన్నను!"

అబద్ధానికి ఒప్పుకున్నా, తన దేవుణ్ని మార్చి చెప్పడానికి ఆ పిచ్చితల్లికి నోరు రాలేదు.

"మల్లన్నా, నీకు శరణు," అన్నది మొగులమ్మ. "గిది నీది కాదు తండ్రీ, ఎల్లమ్మది. ఆమె సొమ్ము నువ్వెట్ల కోయమంటవ్? ఆమెనే వచ్చి చెప్పుమను."

క్యాంటీన్ అంతా గొల్లున నవ్వింది. మల్లన్న తక్షణం దిగిపోయాడు, బక్కమ్మ గిన్నెల దగ్గరికి పోయింది.

సాయంత్రం రావుగారు నాతో మొగులమ్మ పేర రాజీనామా టైపు చేయించారు. "సొంత కారణాల వల్ల" అని నేను చదవగానే ఆమె ఆపింది.

"గది అబద్ధం. ఎల్లమ్మ జడ కోయనన్నందుకు తీసేసినమని రాయుండ్రి, ఏలిముద్ర ఏస్త."

"జుట్టే కదమ్మా, మళ్లీ పెరుగుతుంది," అన్నారు రావుగారు.

"కొలువు సుత మళ్ల దొరుకుతది సారూ."

మర్నాటి నుంచి ఆమెను లోపలికి రానివ్వలేదు. అయినా మూడు వారాలు రోజూ ఎనిమిదింటికి వచ్చి, పొద్దుగూకేదాకా గేటు బయట నిలబడింది. ఇంతలో దొరలు మళ్లీ వస్తున్నారని కబురు. ఆమె వాళ్ల కంట పడుతుందని రావుగారికి చెమటలు పట్టాయి. చివరికి, కాగితం సంగతి తర్వాత చూసుకోవచ్చని, ఆమె చెప్పిన మాటే టైపు చేయమన్నారు.

మొగులమ్మ నాతో రెండుసార్లు చదివించుకుంది. "గిప్పుడు సక్కగున్నది," అని వేలిముద్ర వేసింది. బొటనవేలి సిరాను తలకు తుడుచుకోవడం అందరికీ అలవాటే. ఆమె కూడా చెయ్యెత్తి, జడకు తగలకుండా కుడివైపు తుడుచుకుంది. ఆ ముఖంలో దిగులు కోసం వెతికాను. లేదు. నాకే సిగ్గేసింది.

"పోయొస్త సారూ, పైలం," అని నాకే జాగ్రత్త చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి నేను గేటు దగ్గర ఆగి, బొట్టు చెరుపుకుని లోపలికి పోయాను.