మరక అని చెప్పాను

చాలా ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఒక్క మాట అబద్ధం. తలుచుకున్నప్పుడల్లా దుఃఖం రాదు, చిరాకొస్తుంది. ఇంత చిన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఇన్నేళ్లా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను ముంబైలో ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఇల్లు మాత్రం భివండి శాంతి నగర్‌లో. కింద మా బాపు నడిపే మరమగ్గాలు, పైన మేము.

నక్షత్రాలు పుట్టే మేఘాల్లో పసి గోధుమ మరుగుజ్జులను వెతకడం నా పని. నక్షత్రంగా వెలగడానికి చాలినంత బరువు లేక మధ్యలోనే ఆగిపోయిన గోళాలవి. పుట్టిన కొత్తలో వేడిగా ఉంటాయి కాబట్టి అప్పుడే పట్టుకోవాలి. చిక్కేమిటంటే, మేఘం వెనకున్న మామూలు నక్షత్రాలు కూడా దుమ్ములోంచి అలాగే ఎర్రగా, మసగ్గా కనిపిస్తాయి. అందుకని ఒకే చోటును రెండు ఫిల్టర్లతో ఫొటో తీస్తారు. మరుగుజ్జుల్లో ఉండే నీటి ఆవిరి ఒక రకం వెలుగును మింగేస్తుంది; ఆ వెలుగును పట్టే రెండో ఫొటోలో అసలైన మరుగుజ్జు మసకబారుతుంది. ఏడాదిన్నర చూశాను. ఒక్కటీ దొరకలేదు. ఫొటోలన్నా, మా గైడన్నా, నేనన్నా విసుగు పుట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ప్రింట్లు ఇంట్లో నేలమీద పరిచాను. మా చెల్లె సుజాత పక్కనొచ్చి కూర్చుంది. అప్పుడు పన్నెండో తరగతి. మగ్గం దిగిన బట్టలో పోగు తప్పిన చోట్లు వెతికిపెట్టడం ఆమెకు అలవాటు.

"అన్నా, గీ చుక్క ఏంది? గీ కాయితంల మంచిగున్నది, గా కాయితంల సగం ఆరిపోయింది. పక్కపొంటివి గట్ల లేవు."

చూశాను. నిజంగానే ఉంది. ఆ చోటును నేను ఎన్నిసార్లు చూశానో!

"అది మరక," అన్నాను. "కెమెరాల దోషం."

"మరకెట్లయితది? రెండో ఫొటోల చుక్కలన్ని జర పక్కకు జరిగినయి. ఇది గూడ వాటెంబడే జరిగింది. కెమెరాల మరకైతే ఉన్నకాడనే ఉండాలె గదా?"

ఎవరూ నేర్పలేదు. అయినా సరిగ్గా అదే పరీక్ష.

"నీకు సమజ్ గాదు, ఛోడ్. పోయి నీ పని చూసుకో."

"గట్లనా," అని లేచి వెళ్లిపోయింది. నన్ను నమ్మింది.

కొన్ని నెలలకు పెద్ద టెలిస్కోపుతో ఆ చుక్క వెలుగును విడదీసి చూశారు. పసి గోధుమ మరుగుజ్జే. వ్యాసం వచ్చింది, డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఎక్కడా సుజాత పేరు లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పన్నెండో తరగతి అయ్యాక, ఆ వేసవిలో ఆమె బీఎస్సీ చదువుతానంది. బాపు నన్నడిగాడు. దానికి మరకకూ చుక్కకూ తేడా తెలియదన్నాను. ఎందుకన్నాను? అసూయా? లేక ఆ చదువే చదివితే ఏదో ఒకరోజు నా వ్యాసం చదివి అర్థం చేసుకుంటుందన్న భయమా? మగ్గాల చప్పుడుకు బుర్ర పనిచేయక నోరు జారానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ. బాపు అడిగిన రోజు కరెంటే లేదు. మగ్గాలన్నీ ఆగే ఉన్నాయి.

సుజాత కామర్స్ చదివింది. ఇప్పుడు భివండిలోనే నిజాంపురాలో బట్టల దుకాణం నడుపుతోంది. మొన్న వాళ్లింటికి వెళ్తే మేనకోడలు, "మామా, గా చుక్కను నువ్వే ఢూండి పట్టినవా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే సుజాత అందుకుంది.

"మీ మామ గాక ఇంకెవలే? నేనైతె ఒకసారి మరకను జూసి చుక్క అనుకున్న. పైనుంచి మరక కాదని మామతోని బహస్ గూడ చేసిన!"

తనమీద తానే జోకు వేసుకుని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. అవును, నవ్వాను. మొదటి అబద్ధానికి భయం అని ఏదో పేరు పెట్టుకోవచ్చు. ఆ నవ్వుకు ఏం పేరు పెట్టాలి?

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబితే క్షమించాలనీ లేదు. చదవని చదువును ఏ క్షమాపణ తెచ్చిస్తుంది? కానీ ఇప్పటిదాకా ఎక్కడా రాయని వాక్యం ఒకటుంది, దాన్నిక్కడ రాస్తున్నాను. ఆ చుక్కను మొదట చూసింది సుజాత. అది మరక కాదని నాకు అప్పుడే తెలుసు.