మందు కొట్టిన మడిలో చేపలు

ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు, రైతులకి కొత్త సేద్యం నేర్పే గ్రామసేవక్ ఉద్యోగం, సైకిలుకి కట్టిన పురుగులమందు డబ్బా, ఇంకేం కావాలి! శ్రీముఖలింగం దగ్గర పల్లెలో ఒకావిడ ఇంట్లో ఉండేవాణ్ణి. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో తనే వరిమడి చేసుకునేది. అక్కని పిలిచినట్టు నేను అప్పా అనేవాణ్ణి, ఆవిడే అన్నం పెట్టేది. ట్రైనింగులో మా మాస్టారు నల్లబల్ల మీద బొమ్మ గీసి, "వరి ఎండతో బతుకుతుంది, వరిని పురుగు, పురుగుని చేప, చేపని మనిషి తింటాడు, మెట్టు మెట్టుకీ సత్తువ తరిగిపోతుంది" అని చెప్పారు. పరీక్షలో ఆ బొమ్మకి అందరికంటే ఎక్కువ మార్కులు నాకే. ఊళ్ళో మాత్రం దాని ఊసెత్తకుండా, ఈ మందు పురుగుని తప్ప దేన్నీ ముట్టుకోదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పి, మొట్టమొదట అప్ప మడిలోనే కొట్టించాను.

మర్నాడు మధ్యాహ్నం చేపల పులుసు! రెండోసారి పులుసు పోయించుకుంటూ, "ఇన్ని చేపలెక్కడివప్పా?" అన్నాను.

"ఏటి బాబూ, తెలనట్టు అడుగుతావు! అంతా నీ సలవే. వల ఎయ్యకండానే మన మడిలో సేపలన్నీ ఎల్లకిలా తేలిపోనాయి. బుట్టతో ఎత్తుకొచ్చినాను."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మందు పురుగులోకి, పురుగు నించి చేపలోకి, చేప నించి నాలోకి! ఆ వరసలో నా తరవాత ఎవరూ లేరు. సత్తువ తరుగుతుందన్న మాస్టారు విషం సంగతి చెప్పలేదే! అంతలో అప్ప పిల్లలకి కంచాలు పెట్టి పులుసు వడ్డించింది. నోరు తెరిస్తే నా పరువు పోతుంది, తెరవకపోతే పిల్లలు పోతారు. (రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది) ఒక్క క్షణం ఆలోచించాను. చిన్నది ముద్ద కలిపి నోటి దగ్గరికి ఎత్తింది. అప్పుడు ఒక్క దూకు దూకి, దాని చెయ్యి లాగేసి, రెండు కంచాలూ, పులుసు కుండా కాలితో తన్నేశాను.

"ఒరే! పెట్టిన కూడు కాలితో తంతావేట్రా!" అని అప్ప గరిటె ఎత్తింది.

"విషం అప్పా! నా మందు విషం!"

పెరట్లోకి పరిగెత్తి, ఉప్పునీళ్ళు తాగి, గొంతులో వేలు పెట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కాను. తరవాత గోడకి చేరబడి చావు కోసం ఎదురుచూశాను. చెయ్యి వణికితే మూర్ఛ అనుకున్నాను, కన్ను మూతపడితే ఇంతేననుకున్నాను. అమ్మకి ఉత్తరం కూడా మొదలెట్టాను (క్షేమం అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను). అప్ప పక్కనే కూర్చుని, తిట్టినంతసేపు తిట్టి, "ఉన్నావేట్రా?" అని మాటిమాటికీ కుదిపేది. ఉన్నానప్పా అనేవాణ్ణి, నాకే నమ్మకం లేకుండా.

దీపాలు పెట్టే వేళకి బతికి బయటపడ్డానని తేలింది. క్షమించమని ఏడ్చాను.

"మందు సంగతి నీకు తెలదు, పోనీ. తెలిసినాక ఆలోసించినావు సూడు, నాను సూసినాను. దానికేరా నాకు బయమేసింది," అందావిడ నెమ్మదిగా.

మర్నాడు ఏమీ జరగనట్టే పిలిచి అన్నం పెట్టింది. నేను కంచం కేసి చూస్తూ కూర్చుంటే, "తినరా, మందు లేదులే" అని నవ్వింది. సైకిలుకి డబ్బా కట్టుకు తిరిగిన ఆనాటి నా గొప్పలు ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. ఆ ఒక్క క్షణం దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోతుంది. అది చూసి కూడా ఆవిడ నన్ను మళ్ళీ తన పిల్లల పక్కనే కూర్చోబెట్టింది.