చిప్పు మూలన ఉన్న పేర్లు

మా పక్కింటి సార్ పోయారు. ఆఫీసుకు బయలుదేరుతూ కాలనీ వాట్సాప్‌లో చూశాను. గోడకు అవతలి మనిషి పోయిన సంగతి నాకు ఫోను చెప్పాల్సి వచ్చింది.

సార్‌ది చేవెళ్ల. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాక మొయినాబాద్‌లో మా పక్కనే ఇల్లు కట్టుకున్నారు. ఊరి నుంచి క్యారెట్లు వస్తే సగం మా వంటింట్లోనే ఉండేవి. పాతసామాన్ల వాళ్ల దగ్గర ఏనాటివో కంప్యూటర్లు కొని, వాటి చిప్పుల మూత బ్లేడుతో నెమ్మదిగా లేపి, లోపలి పనితనం మైక్రోస్కోపులో చూడటం ఆయనకు పిచ్చి. ఆదివారం కాఫీ గ్లాసు పట్టుకున్నానో లేదో, గోడ మీద నుంచి పిలుపు: "బిడ్డా, జర వచ్చి చూడు!"

వెళ్లేదాన్ని. గుంటూరు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో తల నెరిసినదాన్ని, చూడకపోతే బాగుండదు కదా!

"గీ చిప్పు గీడ జ్ఞాపకం దాసుకుంటది. మా బాపు క్యారెట్ మళ్లు కట్టినట్టు ఎంత సాపుగున్నదో! ఆ మూలకు దీన్ని చేసినోళ్లు వాళ్ల పేర్లు రాసుకున్నరు. కనిపించినయా?"

మీకు చెప్పొద్దూ, నాకు కనిపించినవి నా కనురెప్పల వెంట్రుకలే. "కనిపించాయి సార్" అనేసి, పొయ్యి మీద పాలున్నాయని పరిగెత్తేదాన్ని. ఆయన మొహం వెలిగిపోయేది.

"ఎవరన్న చూస్తరనే గదా బిడ్డా రాసుకున్నరు. చూడకపోతే ఎట్ల?" అనేవారు. నేను తల ఊపేదాన్ని.

కర్మకాండ అయ్యాక సార్ భార్య, ఆంటీ, పిలిచారు. ఆయన చివరిగా చూసిన చిప్పు మైక్రోస్కోపు కింద అలాగే ఉంది.

"పనున్నదనుకుంట నేనెన్నడు కూసోలే. నీకైతే అన్నీ కనిపిస్తయని మస్తు సంబురంగ చెప్తుండె. ఆ పేర్లు యాడున్నయో నాకు చూపియ్యి."

మళ్లీ అబద్ధం నోటిదాకా వచ్చింది. ఈసారి ఆడలేకపోయాను.

"నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు ఆంటీ. చెబితే నొచ్చుకుంటారని..."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"కనిపిస్తలేదని చెప్పకపోతివి బిడ్డా! చెప్తే మళ్ల మొదటి నుంచి చూపిస్తుండె. గంతకన్న ఏం కావాలె ఆయనకు?"

మర్యాద అనుకుని నేను ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది ఆ సంతోషాన్నే. ఒక్క ఆదివారం ఓపిగ్గా కూర్చుని ఉంటే ఈ బాధ ఇంతగా ఉండేది కాదు.

ఆంటీ కొంగుతో మైక్రోస్కోపు అద్దం తుడిచి, దాని దీపం వేశారు. ఇద్దరం చెరో స్టూలు లాక్కుని కూర్చున్నాం. ఏ మర తిప్పాలో ఇద్దరికీ తెలియదు.