పువ్వు పడకముందే పెట్టిన సంతకం

చక్రాయపేట దగ్గర పల్లెలో పెద్దసుబ్బమ్మకు గొర్రెల విషయంలో ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఏ పొట్టేలును ఉంచుకోవాలో, దేన్ని అమ్మాలో, ఈనలేక అవస్థ పడే గొర్రె కడుపులో చెయ్యి పెట్టి పిల్లను తియ్యాలో వద్దో అన్నీ ఆమే తేల్చేది. మొగుడు రంగన్న తలూపేవాడు. మనుషుల సంగతికొస్తే మాత్రం ఆ ఇంట్లో ఆమె మాట చెల్లదు. రంగన్న అన్న రామాంజులు చెప్పాలి. ఆయన కూడా ఊరికే చెప్పడు, బీరప్ప గుడికి పోయి పూలడుగుతాడు. పూజారి తడి పూలు దేవుడి రెండు భుజాల మీదా అంటిస్తాడు. కుడి పువ్వు రాలితే సరే, ఎడమది రాలితే వద్దు. సుబ్బమ్మ కొడుకు సురేంద్ర తుమ్మలపల్లె గనిలో పనికి చేరిందీ, శోభను పెళ్లి చేసుకున్నదీ కుడి పువ్వు రాలాకే.

ఒకరోజు పొద్దున మంద తోలుకుపోయిన రంగన్న చేలోనే కూలబడ్డాడు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, నోట మాట పోయింది. పులివెందులలో స్కాన్ తీసి, మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోయిందని ప్రొద్దుటూరుకు పంపారు. మర్నాడు పొద్దునకు మనిషి పిలిచినా పలకడం మానేశాడు.

డాక్టర్ శ్రీధర్ తల్లీకొడుకులను కూర్చోబెట్టి చెప్పాడు.

"మెదడు వాస్తోందమ్మా. పుర్రెలో చోటు లేదు. ఎడమ పక్క ఎముక కొంత తీసి, పొట్ట చర్మం కింద దాచిపెట్టి, కొన్ని నెలలకు మళ్లీ అతికిస్తాం. చేస్తే ప్రాణం నిలవొచ్చు. మాట, కుడి చెయ్యి తిరిగి రాకపోవచ్చు. చెయ్యకపోతే రెండు రోజులు కూడా కష్టం. మధ్యాహ్నం లోపల చెప్పండి. ఇట్లాంటి స్థితి వస్తే ఏం చెయ్యమని ఆయన ఎప్పుడన్నా అన్నాడా?"

సుబ్బమ్మ ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో సంగటి కాస్త గట్టిగా చెయ్యమనడం తప్ప, రంగన్న తనకంటూ కోరింది ఏమీ లేదు.

సురేంద్ర పెదనాయనకు ఫోన్ చేశాడు. "తలకాయ కొయ్యడమంటే మాటలా?" అన్నాడు రామాంజులు. "గుడికి పోతాండా. పువ్వు పడేదాంకా సంతకం పెట్టొద్దని మీయమ్మకు చెప్పు."

పది దాటింది. పువ్వు పడలేదు. పదకొండుకు సురేంద్ర మళ్లీ ఫోన్ చేస్తే "ఇంగా పళ్లేదు" అన్నాడు రామాంజులు. దేవుడికి తొందరేముంది, తొందరంతా లోపల మంచమ్మీద పడున్న మనిషిది. నర్సు సమీరా రెండుసార్లు వచ్చి, "పెద్దమ్మా, సార్ అడుగుతాండాడు" అని చెప్పి పోయింది. సురేంద్ర గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. కొడుకుగా వాడూ సంతకం పెట్టొచ్చు. పెదనాయనను దాటే ధైర్యం వాడికి లేదు.

సుబ్బమ్మ లోపలికి పోయింది. రంగన్న గొంతు గురక పెడుతోంది. ఆ గురక ఆమెకు తెలుసు. అట్లా ఊపిరి తీసే గొర్రె సాయంత్రం చూడదు. ఈ మనిషి తనకు కావాలి. మాట లేకపోయినా, చెయ్యి లేకపోయినా కావాలి. అంతకుమించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

"యాడమ్మా ఆ కాయితం?" అని సమీరాను అడిగింది.

"మా, పెదనాయన ఇంగా చెప్పలే," అన్నాడు సురేంద్ర.

"చెప్పినప్పుడు చెప్పనీ. నేను పెడతాండా."

పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకం, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. రంగన్నను ఆపరేషన్‌కు తీసుకుపోయిన కాసేపటికి ఫోన్ మోగింది. విన్న సురేంద్ర ముఖం పాలిపోయింది. "పువ్వు పడిందంట," అన్నాడు. ఏ పక్కదో వాడు చెప్పలేదు, ఆమె అడగలేదు.

రంగన్న బతికాడు. తొమ్మిదో రోజు రామాంజులు వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఒక పక్క లోపలికి పోయిన తమ్ముడి తలను చూశాడు.

"ఎడమ పువ్వు పడింది సుబ్బమ్మా," అన్నాడు. "నిన్నేమీ అనను. అయితే దేవుడు వద్దన్న మనిషిని నిలుపుకున్నావు. అది ఊరికే పోదు. ఇంట్లో ఇంగెవురి మీదికి తిరుగుతాదో."

"నా మీదికే తిరగనీ బావా," అంది సుబ్బమ్మ. ఆయన తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. ఆయన గొంతులో ఉన్నది భయం.

ఆ భయం వాళ్లకంటే ముందే ఇల్లు చేరింది. ఆరో నెల కడుపుతో ఉన్న శోభ రెండు రోజులని జమ్మలమడుగు పుట్టింటికి పోయి తిరిగి రాలేదు. ఏటా వానాకాలంలో ఒకటో రెండో గొర్రెపిల్లలు చచ్చేవే, ఈసారి రెండు చస్తే ఊరంతా లెక్కపెట్టింది. పలకరించడానికి వచ్చినవాళ్లు గడప దాటరు. సురేంద్ర గనిలోకి దిగేముందు రోజూ ఫోన్ చేసి "నాయన ఎట్లుండాడు?" అని అడుగుతాడు. వాడు అడిగేది తండ్రి కోసం కాదని, తన మీదికి ఏమొస్తుందోనని వణుకుతూ అడుగుతున్నాడని ఆమెకు తెలుసు. ఫోన్ పెట్టేశాక, వాడు మళ్లీ పైకి వచ్చేదాకా ఆమె ముద్ద ముట్టదు.

ఒక సాయంత్రం గంజి తాగించి, మూతి తుడిచి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"నిన్ను పోనీయాల్సిందా? నేను చేసింది తప్పా?"

రంగన్న ఆమె వైపే చూస్తూ ఏడ్చాడు. అవునంటున్నాడనుకుంది. అప్పుడు డాక్టర్ మాట గుర్తొచ్చింది. ఈ జబ్బులో ఏడుపు ఒక్కోసారి కారణం లేకుండానే వస్తుందనీ, చూసి కంగారు పడొద్దనీ ఆయన చెప్పి పంపాడు.

ఏది నిజమో తేల్చుకోవాలని, "ఈ పొద్దు ఎండ శానా ఉండాది గదా?" అంది.

రంగన్న మళ్లీ అట్లాగే ఏడ్చాడు.