గ్లాసుడు మంచినీళ్ళు

భర్తకు క్యాన్సర్ వచ్చినప్పుడు, అంటుకుంటుందేమోనని, ఈ పెద్దమనుషుల వీధిలో ఎవరూ టైలరక్క ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆయన కోలుకున్నాడు, ఆవిడ మరిచిపోలేదు. ఇప్పుడు ఎవరింట్లో ఆ జబ్బు వచ్చినా మెడలో కొలతల టేపుతోనే చందాల డబ్బా పట్టుకుని బయల్దేరుతుంది. పోగైంది ఇవ్వడానికి వెళ్ళి, ముందు రోగి మంచం మీదే కూర్చుని, "దాహంగా ఉంది, నీళ్ళివ్వమ్మా" అంటుంది. గ్లాసు ఎత్తి పోసుకోదు, అంచు కరిచి చుక్క మిగలకుండా తాగుతుంది. మేస్త్రీ భార్యకు ఆపరేషన్ అయినప్పుడూ అంతే. గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఇరుగుపొరుగువాళ్ళు కళ్ళప్పగించి చూశారు. నిన్న మేస్త్రీ భార్య రిపోర్టుల్లో ఇక జబ్బేమీ లేదని తేలింది. టైలరక్క చూడ్డానికి వెళ్ళి వస్తుంటే, "నీళ్ళిచ్చారా అక్కా?" అని అడిగాను.

"ఎక్కడ తమ్ముడూ, ఇల్లంతా జనం, అందరి చేతుల్లోనూ టీలు" అంటూ నవ్వింది. "నా వంతుకి గ్లాసే మిగల్లేదు."